నోటీసు పడింది, గడువు నడుస్తోంది: జర్మనీలో పర్యావరణ అనుమతులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల జర్మనీలో ఉంటున్న పాఠకుల ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం ప్రశ్నలున్నాయి. ఇంటి దగ్గర ఫ్యాక్టరీ వస్తోంది, గాలిమరలు పెడుతున్నారు, ఊరి చివర కొత్త కాలనీ వేస్తున్నారు. మన మాట ఎక్కడ చెప్పుకోవాలి అని. పర్యావరణ చట్టాలు తెలిసినవాళ్లతో జవాబులు రాయించాం. నోటీసుల మీద మీకు కనబడే జర్మన్ మాటలను అలాగే ఉంచాం, కాగితం చేతికొచ్చినప్పుడు గుర్తుపట్టడానికి.

ప్రశ్న: బ్రాండెన్‌బుర్గ్‌లో ఓ చిన్న పట్టణంలో అద్దెకుంటున్నాం. ఇంటికి 700 మీటర్ల దూరంలో పాత బ్యాటరీలు రీసైకిల్ చేసే ప్లాంటు పెడతారట. అమ్ట్స్‌బ్లాట్‌లో (అధికారిక గెజిట్‌లో) నోటీసు పడిందని పక్కింటాయన చెప్పారు. మాది ఇండియన్ పాస్‌పోర్టు, సొంతిల్లు కూడా కాదు. మేం అభ్యంతరం చెప్పొచ్చా? చెబితే వీసాకు ఇబ్బంది వస్తుందా? మన దగ్గర కలెక్టరుగారి ముందు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభ లాంటిది ఇక్కడా ఉంటుందా?

జవాబు: చెప్పొచ్చు. ఇలాంటి ప్లాంట్లకు అనుమతి ఇచ్చేది సమాఖ్య ఉద్గారాల నియంత్రణ చట్టం కింద. ఆ చట్టం 10వ సెక్షన్ అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికైనా ఇచ్చింది. పాస్‌పోర్టు అడగరు, ఇంటి పత్రాలు అడగరు, ఎన్ని మీటర్ల లోపు ఉండాలన్న లెక్కా లేదు. పైగా ఈ చట్టం దృష్టిలో అద్దెకున్నవాళ్లు కూడా పొరుగువాళ్లే. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే మీ ఆరోగ్యం పేరున మీరే వెళ్లొచ్చు. భవన నిర్మాణ చట్టంలో మాత్రం ఈ వెసులుబాటు ఉండదు, అక్కడ సాధారణంగా ఇంటి యజమానికే దావా వేసే హక్కు.

వీసా గురించి దిగులు పడకండి. మీ కాగితం వెళ్లేది అనుమతి ఇచ్చే పర్యావరణ కార్యాలయానికి. విదేశీయుల కార్యాలయానికి ఈ వ్యవహారంలో పాత్ర లేదు. కంపెనీవాళ్లకు మీ పేరు తెలియడం ఇష్టం లేకపోతే, కంపెనీకి పంపేటప్పుడు పేరు, చిరునామా కనబడకుండా చేయమని పత్రంలోనే ఒక వాక్యం రాయండి. ప్రక్రియ సవ్యంగా జరగడానికి మీ పేరు తప్పనిసరైతే తప్ప ఆ కోరిక మన్నించాలని నిబంధన ఉంది.

ఇక సభ. మన దగ్గర గ్రామసభలా జనం కూర్చుంటారు, ఎవరైనా లేచి మైకు అందుకుని మాట్లాడొచ్చు. ఇక్కడ ముందు కాగితం, ఆ తర్వాతే మాట. గడువులోగా రాతపూర్వకంగా అందిన అభ్యంతరాల మీదే తర్వాత చర్చ జరుగుతుంది. దాని పేరు ఎరోర్టెరుంగ్స్‌టెర్మీన్. అది పెట్టాలా వద్దా అన్నది కూడా ఈ చట్టం కింద కార్యాలయం ఇష్టమే. కాబట్టి సభ రోజు వెళ్లి చెబుదాంలే అని ఊరుకున్నవాళ్లు ఇక్కడ మొదటి మెట్టులోనే తప్పిపోతారు.

ఇప్పుడు నోటీసు తీసి గడువు చూడండి. దస్త్రాలు ఒక నెల పాటు జనానికి అందుబాటులో ఉంటాయి, దీన్ని ఔస్‌లేగుంగ్ అంటారు. 2024 సవరణ తర్వాత ముఖ్యంగా ఇంటర్నెట్‌లోనే పెడుతున్నారు. అలా చూడలేనివాళ్లు అడిగితే వేరే దారి చూపించాలి. ఆ నెల ముగిశాక మామూలు ప్లాంటుకైతే రెండు వారాలు, యూరప్ పారిశ్రామిక ఉద్గారాల ఆదేశం కిందికి వచ్చే ప్లాంటుకైతే ఇంకో నెల అభ్యంతరాలకు సమయం ఉంటుంది. మీ ప్లాంటు ఏ కోవలోదో తెలుసుకోవడానికి ఈ చట్టం కింద వచ్చిన 4వ నిబంధనావళి అనుబంధంలో పట్టిక ఉంది. అందులో ‘గే’ (G) అక్షరం ఉంటే ప్రజల భాగస్వామ్యంతో పూర్తి ప్రక్రియ, ‘ఫౌ’ (V) ఉంటే జనాన్ని అడగని సులభ ప్రక్రియ, పక్క గడిలో ‘ఈ’ (E) ఉంటే యూరప్ ఆదేశం కిందిది.

ఒక లెక్క చూద్దాం. 2025 మార్చి 3న దస్త్రాలు పెట్టారనుకోండి. ఏప్రిల్ 2తో నెల ముగుస్తుంది. మామూలు ప్లాంటుకైతే ఆఖరి తేదీ ఏప్రిల్ 16, ‘ఈ’ ఉన్నదానికైతే మే 2. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ తేదీకి ఉత్తరం కార్యాలయానికి చేరి ఉండాలి, పోస్టాఫీసు ముద్ర తేదీని లెక్కలోకి తీసుకోరు. మే 1 సెలవు. ఏప్రిల్ 30 సాయంత్రం డబ్బాలో వేసిన ఉత్తరం మే 2కు చేరుతుందన్న నమ్మకం లేదు. ఆఖరి రోజు దాకా వచ్చేస్తే స్వయంగా వెళ్లి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి.

ఇంకొకటి, దస్త్రాలు పెట్టిన మొదటి రోజే మొత్తం డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. గడువు ముగిశాక అవి వెబ్‌సైట్‌లో ఉంటాయన్న భరోసా లేదు.

ప్రశ్న: అభ్యంతరం రాయాలనుకుంటున్నాం. ‘మాకు ఈ గోదాము వద్దు’ అని రాస్తే చాలదా? మాకు ముఖ్యంగా రాత్రిపూట ట్రక్కుల శబ్దమంటే భయం. చిన్నపిల్లలున్న ఇల్లు. కంపెనీ ఇచ్చిన శబ్ద నివేదిక 90 పేజీలుంది, అర్థం కావడం లేదు. (లైప్‌జిగ్ శివారు నుంచి)

జవాబు: చాలదు. ఉద్గారాల చట్టం కింద వచ్చే దరఖాస్తుకు 6వ సెక్షన్ ప్రకారం చట్టం పెట్టిన షరతులన్నీ నెరవేరితే అనుమతి ఇచ్చి తీరాలి. జనానికి ఇష్టమా కాదా అని చూసి ఆపే అధికారం కార్యాలయానికి లేదు. కనుక ‘వద్దు’ అన్న మాటను పక్కన పెట్టి, ఏ షరతు ఎక్కడ నెరవేరలేదో చూపించాలి. రోడ్డు, రైలుమార్గం లాంటి వాటికి నడిచే ప్లాన్‌ఫెస్ట్‌ష్టెల్లుంగ్ ప్రక్రియలో లెక్క వేరు. అక్కడ అధికారులు అందరి ప్రయోజనాలనూ తూకం వేయాలి కాబట్టి, ఈ మార్గం కంటే ఆ మార్గం మేలు అన్న వాదనకు చోటుంది. ఏ ప్రక్రియలో ఉన్నారో చూసుకోకుండా రాసిన పత్రాలు ఎంత బాగున్నా గురి తప్పుతాయి.

శబ్ద నివేదికను మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు ఇమిసియోన్స్‌ఓర్ట్ అన్న పట్టిక వెతకండి. శబ్దం ఏయే ఇళ్ల దగ్గర లెక్కకట్టారో అందులో ఉంటుంది. మీ ఇల్లు గానీ, మీ కంటే గోదాముకు దగ్గరగా ఉన్న ఇల్లు గానీ అందులో ఉందా? లేకపోతే అదే మొదటి అభ్యంతరం. ఉంటే, ఆ ఇల్లు ఏ రకం ప్రాంతంలో ఉన్నట్టు రాశారో చూడండి. ఫ్యాక్టరీ శబ్దానికి జర్మనీలో కొలమానం 1998 నాటి ‘టీఏ లెర్మ్’. దాని ప్రకారం సాధారణ నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 40 డెసిబెళ్లు దాటకూడదు. నివాసాలు, వ్యాపారాలు కలిసిన మిశ్రమ ప్రాంతానికి పగలు 60, రాత్రి 45. పూర్తి నివాస ప్రాంతమైతే ఇంకా తక్కువ, 50, 35. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా.

మీ ఇంటి దగ్గర రాత్రి 43 డెసిబెళ్లు వస్తాయని నివేదిక తేల్చిందనుకుందాం. మిశ్రమ ప్రాంతమని రాస్తే పాస్, సాధారణ నివాస ప్రాంతమైతే ఫెయిల్. తేడా మూడు డెసిబెళ్లే కదా అనుకోకండి, మూడు డెసిబెళ్లంటే శబ్దశక్తి రెట్టింపు. అందుకని రాట్‌హౌస్‌కు (మున్సిపల్ కార్యాలయానికి) వెళ్లి, లేదా మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో, మీ వీధి బెబావుంగ్స్‌ప్లాన్ (ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే స్థానిక ప్రణాళిక) తీసి చూడండి. అందులో మీ వీధిని ఏమని చూపించారో అదే ప్రమాణం. ప్లాన్ లేని వీధికైతే అక్కడ నిజంగా ఉన్న కట్టడాలను బట్టి తేలుస్తారు. అప్పుడు వీధిలో ఎన్ని ఇళ్లు, ఎన్ని దుకాణాలు ఉన్నాయో మీరే లెక్కపెట్టి రాయండి. ఆ లెక్క తప్పని చెప్పాలంటే వాళ్లు వచ్చి చూడాల్సిందే.

తర్వాత రాత్రి ట్రక్కుల సంఖ్య. టీఏ లెర్మ్ రాత్రికి సగటు ఒప్పుకోదు, అన్నింటికంటే శబ్దం ఎక్కువగా ఉన్న ఒక్క పూర్తి గంటనే లెక్కలోకి తీసుకోవాలి. రాత్రికి 8 ట్రక్కులు వస్తాయనుకోండి. ఎనిమిది గంటలకు సమంగా పంచితే గంటకు ఒకటి. కానీ గోదాముల్లో అసలు హడావుడి తెల్లవారుజామున 5 నుంచి 6 మధ్య. ఆ గంటలో నాలుగు వస్తే లెక్క ఒక్కసారిగా 6 డెసిబెళ్లు పెరుగుతుంది. దరఖాస్తులో పని వేళలు ఒక చోట, శబ్ద నివేదికలో ట్రక్కుల వేళలు ఇంకో చోట ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పొంతన లేని చోట్లు దొరకడం అరుదేమీ కాదు. రివర్స్ హారన్, లిఫ్టు పలక నేలకు తగిలే చప్పుడు లాంటి క్షణికమైన శబ్దాలు కూడా రాత్రి పరిమితిని 20 డెసిబెళ్లకు మించి దాటకూడదు. నివేదికలో ఈ లెక్క ఉందో లేదో చూడండి.

పబ్లిక్ రోడ్డు మీద వెళ్లే ట్రక్కుల విషయంలో ఆశ తగ్గించుకోవాలి. గేటు నుంచి 500 మీటర్ల లోపు మాత్రమే చూస్తారు. అదీ ఆ రోడ్డు శబ్దం కనీసం 3 డెసిబెళ్లు పెరిగి, ఇతర వాహనాలతో కలిసిపోక, రోడ్డు శబ్ద పరిమితి కూడా దాటితేనే. ఈ మూడూ కలిసి రావడం కష్టం. ఈ వాదన మీదే పత్రమంతా నడపొద్దు.

చివర్లో మీరు కోరేది స్పష్టంగా రాయండి. అనుమతి నిరాకరించమని అడగండి, తప్పులేదు. దాంతోపాటే, ఇస్తే ఏయే షరతులు పెట్టాలో కూడా రాయండి. రాత్రి ట్రక్కులు వద్దు, మీ వైపు గోడ ఎత్తు పెంచాలి, మొదలైన కొద్ది నెలల్లో స్వతంత్ర సంస్థతో మీ కిటికీ దగ్గర శబ్దం కొలిపించాలి, ఇలా. అనుమతి ఉత్తర్వు షరతులతో వచ్చే కాగితం కాబట్టి, ఒక మామూలు కుటుంబానికి ఈ ప్రక్రియలో చేతికందే ఫలితం ఎక్కువగా ఆ షరతుల రూపంలోనే వస్తుంది.

పత్రంలో పేరు, పూర్తి చిరునామా, సంతకం, నోటీసులోని అక్టెన్‌త్సైషెన్ అనే ఫైలు నంబరు తప్పకుండా ఉండాలి. ఉద్గారాల చట్టం కింద ఈమెయిల్ కూడా చెల్లుతుంది. ప్లాన్‌ఫెస్ట్‌ష్టెల్లుంగ్‌లో మాత్రం సంతకం ఉన్న కాగితం ఇవ్వాలి, లేదా కార్యాలయానికి వెళ్లి గుమాస్తా ముందు చెప్పి రాయించాలి. నోటీసులో ఒప్పుకున్నామని రాసి ఉంటే తప్ప మామూలు ఈమెయిల్‌ను నమ్ముకోవద్దు. అభ్యంతరం ఇవ్వడానికి ఫీజు లేదు.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకే ఉత్తరం రాసి 200 మంది సంతకాలు పెడుతున్నారు. ఇంతమంది అంటే బలం ఉంటుంది కదా?

జవాబు: వార్తాపత్రికలో బలం ఉంటుంది. ఫైలులో మాత్రం ఒకే వాదన 200 మంది రాసినా ఒకటే వాదన. అభ్యంతరాలంటే ఓట్లు కావు. బవేరియాలోని వాకర్స్‌డోర్ఫ్‌లో కట్టదలచిన అణు ఇంధన పునఃశుద్ధి కర్మాగారానికి 1988లో దాదాపు 8,80,000 అభ్యంతరాలు వచ్చాయి. పొరుగు దేశం ఆస్ట్రియా నుంచే లక్షల్లో వచ్చాయి. మరుసటి ఏడాది ఆ ప్రాజెక్టు ఆగింది. అయితే ఆపింది అనుమతి ప్రక్రియ కాదు, విద్యుత్ కంపెనీయే వెనక్కి తగ్గింది.

ఉమ్మడి ఉత్తరానికి ఇంకో గండం ఉంది. 50 మందికి మించి ఒకే పాఠం మీద సంతకాలు పెడితే పరిపాలనా ప్రక్రియ చట్టం 17వ సెక్షన్ వర్తిస్తుంది. సంతకాలున్న ప్రతి పేజీలోనూ అందరి తరఫున ప్రతినిధి ఎవరో పేరు, వృత్తి, చిరునామాతో కనబడేలా రాయాలి. ఆ ప్రతినిధి ఒక వ్యక్తే అయి ఉండాలి, సంఘం పేరు చెల్లదు. ఇది లేకపోతే మొత్తం ఉత్తరాన్ని పక్కన పెట్టేయొచ్చు. సంతకం పెట్టినవాళ్ల పేరు, చిరునామా చదవడానికి వీల్లేకుండా ఉంటే ఆ సంతకాలూ పోతాయి.

మా సలహా వేరు. ఆ 200 మందిలో పనులు పంచుకోగల ఐదారు కుటుంబాలు చాలు. ఒకరు శబ్దం, ఒకరు భూగర్భ జలం, ఒకరు మంటలు ఆర్పడానికి వాడిన నీరు ఎటు పోతుందన్న విషయం, ఒకరు పక్షులు, గబ్బిలాలు. తలా ఒక పత్రం, తమ ఇంటికి సంబంధించిన వివరంతో. మిగతావాళ్లు వాటిని బలపరుస్తూ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాస్తే సరిపోతుంది.

ప్రశ్న: సెలవులకు విజయవాడ వెళ్లి వచ్చేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఇక ఏమీ చేయలేమా?

జవాబు: అనుమతి ప్రక్రియలో మీ అభ్యంతరాన్ని అభ్యంతరంగా లెక్కలోకి తీసుకోరు, అది నిజం. కానీ తలుపులన్నీ మూసుకోలేదు. ఒకప్పుడు గడువులో చెప్పని వాదన కోర్టులో కూడా చెప్పనిచ్చేవాళ్లు కాదు. పర్యావరణ ప్రభావ మదింపు జరిగే ప్రాజెక్టుల్లో, యూరప్ పారిశ్రామిక ఉద్గారాల ఆదేశం కిందికి వచ్చే ప్లాంట్లలో ఈ అడ్డంకి చెల్లదని యూరప్ న్యాయస్థానం 2015 అక్టోబర్ 15న జర్మనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 2017లో జర్మనీ చట్టం మార్చింది. ఇప్పుడు అలాంటి ప్రాజెక్టుల్లో గడువు దాటినా కోర్టులో వాదన ఎత్తుకోవచ్చు. కావాలనే దాచిపెట్టి ఆఖర్లో బయటపెట్టినట్టు తేలితే మాత్రం వినరు. ఈ కోవలోకి రాని కొన్ని ప్రాజెక్టులకు పాత కట్టుబాటే ఉంది.

అందుకని ఇవాళే రాసి పంపండి. వాస్తవాలు తనంతట తాను విచారించాల్సిన బాధ్యత కార్యాలయానికి ఉంది. నివేదికలో బావిని వదిలేశారనో, పక్షుల గూళ్లు లెక్కించలేదనో ఆధారంతో రాస్తే ఆలస్యమైనా ఫైలులో పెట్టకుండా ఉండలేరు. అదే కాపీ జిల్లా ప్రకృతి సంరక్షణ విభాగానికీ, మీ మున్సిపాలిటీకీ పంపండి. వాళ్ల అభిప్రాయం కూడా ఈ ఫైలులోకే వెళుతుంది. గుర్తింపు పొందిన పర్యావరణ సంఘాన్నీ కలవండి. తన సొంత హక్కు దెబ్బతిన్నదని చూపించకుండానే దావా వేసే వెసులుబాటు వాటికి ఉంది. ల్యూనెన్ బొగ్గు విద్యుత్ కేంద్రం కేసులో 2011 మే 12న యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో ఆ దారి బాగా వెడల్పయింది.

దస్త్రాలు వెబ్‌సైట్ నుంచి తీసేసి ఉంటే పర్యావరణ సమాచార చట్టం కింద అడగండి. మన సమాచార హక్కు చట్టం లాంటిదే, ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. ఒక నెలలో ఇవ్వాలి, మరీ పెద్ద ఫైలైతే రెండు నెలలు. కార్యాలయంలో కూర్చుని చూసుకుంటే సాధారణంగా డబ్బు కట్టక్కర్లేదు, కాపీలకు ఫీజు పడుతుంది.

ప్రశ్న: చర్చకు రమ్మని నోటీసు వచ్చింది. మా జర్మన్ అంతంత మాత్రం. వెళ్లి ప్రయోజనం ఉంటుందా? అక్కడ ఓటింగ్ ఏమైనా జరుగుతుందా?

జవాబు: ఓటింగ్ ఉండదు, ఆ రోజు నిర్ణయమూ చెప్పరు. కార్యాలయం తరఫున ఒకరు అధ్యక్షత వహిస్తారు. ఒక పక్క కంపెనీవాళ్లు, వాళ్ల నిపుణులు, ఇంకో పక్క అభ్యంతరం రాసినవాళ్లు. ముందే ఇచ్చిన విషయాల పట్టిక ప్రకారం శబ్దం, గాలి, నీరు అంటూ ఒక్కొక్కటే చర్చకు వస్తుంది. మీ విషయం రెండో రోజుకు ఉంటే మొదటి రోజు సెలవు పెట్టక్కర్లేదు, పట్టిక ముందే అడిగి తెలుసుకోండి.

ప్రయోజనం ఉంది. నివేదిక రాసిన నిపుణుణ్ని ఎదురుగా ప్రశ్నించే అవకాశం దొరికేది ఇక్కడొక్కచోటే. ‘తెల్లవారుజామున 5 నుంచి 6 మధ్య ఎన్ని ట్రక్కులు లెక్కవేశారు? ఏ పేజీలో ఉంది?’ లాంటి చిన్న ప్రశ్నలు రెండు మూడు రాసుకుని వెళ్లండి. వచ్చిన జవాబు రికార్డులోకి ఎక్కించమని అడగండి. ఉపన్యాసం అక్కర్లేదు. అధికార భాష జర్మనే, దుబాసీని వాళ్లు ఏర్పాటు చేయాల్సిన పని లేదు. జర్మన్ బాగా వచ్చిన ఒకరిని రాతపూర్వక అధికారంతో మీ తరఫున పంపొచ్చు. రాసే పత్రం కూడా జర్మన్‌లోనే ఉండాలి. ఇంగ్లీషులో ఇస్తే అనువాదం అడుగుతారు, అది వాళ్లు చెప్పిన గడువులో అందకపోతే అనువాదం చేరిన రోజే దాఖలు చేసినట్టు లెక్క. వెళ్లలేకపోయినా మీ లిఖిత అభ్యంతరం పోదు, అది ఫైలులో ఉంటుంది.

ఈ చర్చలు ఎలా నడుస్తాయో చూడటానికి బెర్లిన్ దగ్గర గ్రూన్‌హైడెలోని టెస్లా కార్ల ఫ్యాక్టరీ మంచి ఉదాహరణ. 2020లో 400కు పైగా అభ్యంతరాలు వచ్చాయి. సెప్టెంబర్‌లో పక్క పట్టణం ఎర్క్‌నర్‌లో రోజుల తరబడి చర్చ జరిగింది. దరఖాస్తు మారడంతో 2021లో మళ్లీ దస్త్రాలు పెట్టారు. కోవిడ్ కారణంగా ఈసారి చర్చ ఇంటర్నెట్‌లో రాతపూర్వకంగా సాగింది. దాని నోటీసు వ్యవధి మీద సందేహం రావడంతో నవంబర్‌లో ఆ తంతు మొత్తం మళ్లీ చేశారు. 2022 మార్చి 4న వందలాది షరతులతో అనుమతి వచ్చింది. ఈలోగా ఉద్గారాల చట్టం 8ఏ సెక్షన్ కింద ముందస్తు అనుమతులు తీసుకుని కంపెనీ తన పూచీ మీద ఫ్యాక్టరీ దాదాపు కట్టేసింది కూడా. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఎదురుగా గోడలు లేచి నిలబడ్డాక జరిగే చర్చలో, ఇక్కడ కట్టొచ్చా అన్న ప్రశ్నకు ప్రాణం ఎంత మిగులుతుంది? ఈ ప్రక్రియలో మాకు గట్టిగా అభ్యంతరం ఉన్నది ఈ ఒక్క చోటే.

ప్రశ్న: మా ఊరి దగ్గర మూడు గాలిమరలకు పునాదులు తవ్వుతున్నారు. నోటీసు ఏదీ రాలేదు. ఇది చట్టవిరుద్ధం కాదా?

జవాబు: కాకపోవచ్చు. 50 మీటర్ల కంటే ఎత్తైన గాలిమరలు 20కి తక్కువ ఉంటే పట్టికలో ‘ఫౌ’ అక్షరమే, అంటే సులభ ప్రక్రియ. నోటీసు వేయక్కర్లేదు, అభ్యంతరాలు అడగక్కర్లేదు. పర్యావరణ ప్రభావ మదింపు తప్పనిసరైతేనే, లేదా కంపెనీయే కోరితేనే పూర్తి ప్రక్రియ జరుగుతుంది. మదింపు అవసరం లేదని తేల్చినప్పుడు ఆ విషయం బహిరంగంగా ప్రకటించాలి. రాష్ట్రాల ఉమ్మడి యూఫౌపే (UVP, అంటే ఈ మదింపే) పోర్టల్‌లో మీ జిల్లా పేరుతో వెతకండి. పవన విద్యుత్తుకు ముందే కేటాయించిన ప్రాంతాల్లో ఈ మదింపుకే మినహాయింపులు ఇచ్చే చట్టాలు ఇటీవల వచ్చాయి కాబట్టి అదీ దొరకకపోవచ్చు.

అసలు మాట చెప్పాల్సిన చోటు అంతకు ముందే దాటిపోయింది. ఏ పొలాల్లో గాలిమరలు రావొచ్చో ప్రాంతీయ ప్రణాళికలో తేలుస్తారు. దేశ విస్తీర్ణంలో 2 శాతం 2032 చివరికల్లా పవన విద్యుత్తుకు కేటాయించాలని చట్టం ఉంది కాబట్టి చాలా ప్రాంతాల్లో ఈ ప్రణాళికలు మారుతున్నాయి. ఆ ముసాయిదాలు జనం ముందు పెడతారు, అక్కడ ఎవరైనా రాయొచ్చు. పదేళ్ల తర్వాత వచ్చే గాలిమర గురించి ఇవాళ ఎవరు చదువుతారు? అందుకే ఆ దశలో కాగితాలు తక్కువ, పునాది తవ్వే రోజున కోపం ఎక్కువ.

ఇప్పుడు మీరు చేయగలిగింది, అనుమతి కాపీ అడిగి తీసుకోవడం. మీకు ఉత్తర్వు ఎవరూ అందజేయలేదు కాబట్టి దాన్ని సవాలు చేయడానికుండే ఒక నెల గడువు మీకు మొదలు కాలేదు. కానీ పనులు కంటబడ్డాక ఏడాది దాటి కూర్చుంటే హక్కు పోయినట్టే. దావా వేసినంత మాత్రాన పని ఆగదని కూడా తెలుసుకోండి. 2020 నుంచి గాలిమరల కేసుల్లో నిలుపుదల కావాలంటే కోర్టును విడిగా అత్యవసరంగా అడగాలి. ఈ కేసు నేరుగా రాష్ట్ర ఉన్నత పరిపాలనా న్యాయస్థానానికి వెళుతుంది, అక్కడ లాయర్ లేకుండా కుదరదు. ఓడితే అవతలి వాళ్ల ఖర్చూ మీద పడొచ్చు. ముందు ఫైలు చూపించి సలహా తీసుకోండి, ఆ తర్వాతే సంతకం.

ప్రశ్న: ఊరి చివర చెట్లు కొట్టి కొత్త కాలనీ వేస్తారట. దానికీ నెల, రెండు వారాల లెక్కేనా?

జవాబు: కాదు, ఇక్కడ పొరబడొద్దు. బెబావుంగ్స్‌ప్లాన్ ముసాయిదా ఒక నెల, కనీసం 30 రోజులు ఉంచుతారు. మీ అభిప్రాయం ఆ నెలలోపే వెళ్లాలి, తర్వాత అదనపు వారాలేమీ లేవు. అద్దెకున్నవాళ్లు, విదేశీయులు ఎవరైనా రాయొచ్చు. పిల్లలు కూడా ప్రజల్లో భాగమేనని చట్టంలోనే రాశారు, మీ అమ్మాయి ఆ చెట్ల గురించి రాస్తే తీసుకోవాల్సిందే. అంతకుముందు జరిగే తొలి దశ సమావేశానికీ వెళ్లండి, అప్పటికి గీతలు ఇంకా గట్టిపడి ఉండవు. ఈ విషయంపై ఊళ్లో ప్రజా ఓటింగ్ పెడితే మాత్రం ఓటు హక్కు జర్మన్, యూరప్ యూనియన్ పౌరులకే.

ఊరి అంచుల్లో పర్యావరణ నివేదిక లేకుండానే కాలనీలు వేసుకోనిచ్చిన భవన నిర్మాణ చట్టం 13బీ సెక్షన్ యూరప్ చట్టానికి విరుద్ధమని సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం 2023 జూలై 18న తేల్చింది. మీ కాలనీ ప్లాన్ ఆ సెక్షన్ కింద మొదలైందేమో చూడండి. ప్లాన్ ఆమోదించి ప్రకటించాక, అందులోని చాలా రకాల తప్పులను ఏడాదిలోపు మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఎత్తి చూపాలి. లేకపోతే అవి తప్పులు కానట్టే.

ప్రశ్న: విశాఖలో లా చదువుతున్నాను. మన 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కంటే జర్మన్ పద్ధతి మేలనవచ్చా?

జవాబు: ఏ విషయంలో అన్నదాన్ని బట్టి. మన నోటిఫికేషన్‌లో సభ ప్రాజెక్టు స్థలం దగ్గరే జరగాలి, కనీసం 30 రోజుల నోటీసు ఉండాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి, వీడియో తీయాలి. నిరక్షరాస్యుడైన రైతు కూడా నిలబడి మాట్లాడొచ్చు. పైగా అప్పటికి నివేదిక ముసాయిదాయే, జనం మాటను బట్టి మార్చే అవకాశం ఉంది. జర్మన్ పద్ధతి చదువొచ్చినవాళ్లకూ తీరికున్నవాళ్లకూ అనుకూలం, అది దాని లోపం. దరఖాస్తు పూర్తయ్యాకే జనం ముందుకు వస్తుంది. స్టుట్‌గార్ట్ 21 రైల్వే స్టేషన్ మీద 2010లో జరిగిన గొడవ ఈ ఆలస్యాన్ని ఎత్తి చూపింది. 2013లో పరిపాలనా ప్రక్రియ చట్టం 25వ సెక్షన్‌లో తొలి దశ భాగస్వామ్యం చేర్చారు. కానీ కంపెనీని అందుకు ప్రోత్సహించడం వరకే అధికారుల బాధ్యత, బలవంతం చేయలేరు.

జర్మన్ పద్ధతి బలం కోర్టుతో ఉన్న ముడిలో ఉంది. ప్రాణం, ఆరోగ్యం అనే ప్రాథమిక హక్కును కాపాడటంలో అనుమతి ప్రక్రియ నియమాలకూ భాగముందని రాజ్యాంగ న్యాయస్థానం 1979లోనే మ్యూల్‌హైమ్-కేర్లిష్ అణు విద్యుత్ కేంద్రం కేసులో చెప్పింది. నోటీసులో తప్పుంటే మొత్తం మళ్లీ చేయాలని అధికారులు భయపడేది అందుకే.

ప్రశ్న: నిరుడు అభ్యంతరం ఇచ్చాం. ఇంతవరకు జవాబు లేదు. నిర్ణయం మాకు ఎలా తెలుస్తుంది?

జవాబు: ఉత్తరం కోసం ఎదురు చూడకండి. అభ్యంతరం ఇచ్చిన ఒక్కొక్కరికీ పంపకుండా బహిరంగ ప్రకటనతో సరిపెట్టొచ్చు. అప్పుడు ఉత్తర్వు కాపీ రెండు వారాలు జనం ముందు ఉంచుతారు. ఆ రెండు వారాలు ముగిసిన రోజే మీకు అందినట్టు లెక్క, మీరు చూసినా చూడకపోయినా. ఆ మర్నాటి నుంచి నెల గడువు నడుస్తుంది. ముందు పైఅధికారికి అప్పీలు పెట్టాలా, నేరుగా కోర్టుకు వెళ్లాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉత్తర్వులో రెష్ట్స్‌బెహెల్ఫ్స్‌బెలేరుంగ్ అన్న శీర్షిక కింద అది రాసి ఉంటుంది. వారానికొకసారి అమ్ట్స్‌బ్లాట్, కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. ఫైలు నంబరు చెప్పి ఫోనులో అడిగినా ఏ దశలో ఉందో చెబుతారు.